సముద్రాలు దాటి వచ్చిన చిల్లర

బడి పిల్లలు చందాలు పోగుచేసి, తాము ఎన్నడూ చూడని దేశంలోని సాటి పిల్లలకు పంపే అలవాటు మొదలై దాదాపు రెండు వందల ఏళ్లు కావస్తోంది. ఆ చరిత్రను ఎక్కువగా ఇచ్చినవాళ్లే రాసుకున్నారు. ఎంత పోగైంది, ఏ ఊరు ముందు నిలిచింది, ఏ ఓడలో ఏం వెళ్లింది అన్న వివరాలు వాళ్ల పుస్తకాల్లో పుష్కలంగా దొరుకుతాయి. తీసుకున్న ఊరు మాత్రం ఆ పుస్తకాల్లో ఒక పేరుగానే మిగిలిపోతుంది. స్పెయిన్ దేశపు బడుల్లో అలా తరచుగా వినిపించే పేరు అనంతపురం. అనంతపురం పీఠభూమికి ఆగ్నేయపు అంచున ఉన్న తనకల్లు లాంటి చోట నిలబడి ఈ చరిత్రను చూస్తే కొలతలు మారిపోతాయి. ఎంత పోగైందన్న లెక్క కంటే ఎంతకాలం నిలిచింది, ఎవరికి జవాబు చెప్పింది అన్న ప్రశ్నలు ముందుకొస్తాయి. జాలితో పోగైన డబ్బు కరువుతోపాటే వెళ్లిపోయిందని, ఇక్కడి మనుషులకు లెక్క చెప్పే సంస్థ చేతిలో పడిన డబ్బే వేళ్లూనుకుందని నా వాదన. తీసుకున్న ఊరు తానే ఇచ్చే ఊరు అయినప్పుడే ఆ పని ఫలించినట్టని కూడా అంటాను. దీనికి ఆధారాలు ఈ నేలలోనే ఉన్నాయి.

తనకల్లు కదిరి నుంచి మదనపల్లెకు పోయే రోడ్డు మీది మండల కేంద్రం. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 1910కి ముందు కదిరి తాలూకా అంతా కడప జిల్లాలో ఉండేది కాబట్టి పాత కరువుల లెక్కల్లో ఈ సీమను కడప పద్దు కింద వెతకాలి. నైరుతి వానలు పడమటి కనుమలు దాటేసరికే సత్తువ కోల్పోతాయి. ఈశాన్య వానలు ఇక్కడిదాకా వచ్చేసరికి తేలిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే వాన కూడా అదునుకు పడదు. చెరువులనూ కుంటలనూ నమ్ముకుని రాగి, సజ్జ, కొర్ర పండించిన నేల ఇరవయ్యో శతాబ్దంలో చెనిక్కాయ మీదికి మళ్లింది. ఒకే పంట కావడంతో, వాన తప్పిన ఏడు ఊరంతా ఒక్కసారే దెబ్బతింటుంది. బోరు ఎండితే బెంగళూరుకు వలస, అదీ చాలకపోతే కేరళకు. కదిరి వైపు పల్లెల ఆడవాళ్లు ఇంటిపనులకు కువైట్ దాకా వెళ్తున్నారు. విదేశం అన్న మాట ఇక్కడి పిల్లలకు పాఠ్యపుస్తకంలో ఎదురయ్యే మాట కాదు. అమ్మ ఫోను చేసే చోటు అది.

దూరదేశపు పిల్లల డబ్బుతో ఈ సీమకు ముడి పడింది పందొమ్మిదో శతాబ్దంలోనే. 1844లో ఇంగ్లండులోని ఆదివారపు బడుల పిల్లలు పెన్నీలు పోగుచేసి, ఆరు వేల పౌండ్లకు పైగా కూడబెట్టి లండన్ మిషనరీ సొసైటీకి ఒక ఓడ కొనిపెట్టారు. అయిదేళ్ల కిందట పసిఫిక్ దీవుల్లో హతుడైన ప్రచారకుడు జాన్ విలియమ్స్ పేరునే దానికి పెట్టారు. ఆ ఓడ తిరిగింది పసిఫిక్‌లోనే గానీ, దాన్ని నడిపిన సొసైటీ అప్పటికే మన దగ్గర ఉంది. 1810లో బళ్లారిలో, 1822లో కడపలో దాని కేంద్రాలు వెలిశాయి. పిల్లల చేత డబ్బాలు పట్టించి, వాళ్ల కోసమే పత్రికలు అచ్చువేసి, చిన్న మొత్తాలను పెద్ద నిధిగా మార్చే పద్ధతి బలపడింది ఇలాంటి సంఘాల చేతుల్లోనే. ఆ డబ్బుతో, అప్పట్లో దత్తమండలాలని పిలిచిన ఈ సీమలో వచ్చిన బడుల్లో మాల మాదిగ పిల్లలు పలక పట్టి కూర్చోగలిగారన్నది కాదనలేని మేలు. అయితే ఇంగ్లండు పిల్లవాడికి మన ఊరి గురించి చెప్పింది ఒక్క ప్రచారకుడే. అతని ఉత్తరాల్లో ఇక్కడి మనిషి విగ్రహాలు కొలిచే దీనుడు, ఉద్ధరణ కోసం ఎదురుచూసే జీవి. ఆ మాట నిజమో కాదో అడిగే వీలు అటు పిల్లవాడికీ లేదు, జవాబిచ్చే వీలు ఇటు పిల్లవాడికీ లేదు. లోటల్లా అక్కడే ఉంది.

ఆ లోటు ఎంత పెద్దదో 1876–78 ధాత కరువు బయటపెట్టింది. అప్పటి వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ధాన్యపు వ్యాపారంలో వేలు పెట్టకూడదన్న సిద్ధాంతాన్ని పట్టుకుని కూర్చుంది. ఖర్చు తగ్గించమని పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కాసింత చిల్లర చాలని తేల్చాడు. అది ప్రాణం నిలపడానికే చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోరాడాడు. కడప, బళ్లారి, కర్నూలు జిల్లాల్లో పల్లెలు ఖాళీ అవుతుండగా 1877 ఆగస్టు 4న మద్రాసులో గవర్నర్ బకింగ్‌హాం డ్యూక్ అధ్యక్షతన సభ జరిగింది. బ్రిటన్ ప్రజలను సాయమడగాలని తీర్మానించి లండన్ మేయరుకు తంతి కొట్టారు. ప్రభుత్వమే అన్నీ చూసుకుంటోందన్న తన మాటకు ఈ విన్నపం ఎదురని లిట్టన్‌కు కోపం వచ్చింది. అయినా లండన్ మాన్షన్ హౌస్ నిధికి అయిదు లక్షల పౌండ్ల దాకా చేరాయి. లాంకషైర్ మిల్లు పట్టణాలు ఇచ్చాయి, ఆస్ట్రేలియా వలసరాజ్యాలు ఇచ్చాయి. మద్రాసు టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ ఇక్కడి నిధి సంఘానికి కార్యదర్శిగా ఉండి, మరుసటి ఏడే ఆ కథను రెండు సంపుటాల్లో అచ్చువేశాడు.

ఆ నిధి ఖర్చయిన తీరు చూస్తే ప్రజల చందాకూ సర్కారు కూలికీ ఉన్న తేడా తెలుస్తుంది. సర్కారు రాళ్లు కొట్టగలిగిన వాడిని చూసింది. చందా నిధి అనాథ పిల్లలనూ, బయటికొచ్చి చెయ్యి చాచలేని ఇళ్లనూ చూసింది. వానలు మొదలయ్యాక రైతుకు విత్తనాలకు, ఎద్దులకు, కూలిన పైకప్పుకు డబ్బిచ్చింది. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది జిల్లాల్లో, తాలూకాల్లో వేసిన స్థానిక సంఘాలు తేల్చాయి. అంటే, ఆకలి తీర్చడం కాక రైతును మళ్లీ మడి దగ్గర నిలబెట్టాలని ఆలోచించింది చందా నిధే. ఈ మేలును తక్కువ చేయడం అన్యాయం. కానీ ఆ ఏడాది చివర వానలు పడగానే వసూళ్లు ఆగాయి, సంఘాలు ముగిశాయి, పుస్తకాలు మూశారు. 1891–92లో కొరత వచ్చింది, 1896–97లో కరువు వచ్చింది, 1900లో మళ్లీ వచ్చింది. పెద్ద కరువు వచ్చినప్పుడల్లా లండన్ నుంచో న్యూయార్క్ నుంచో కొత్త విన్నపం, కొత్త నిధి. అమెరికాలో క్రిస్టియన్ హెరాల్డ్ పత్రిక పాఠకులు కరువు అనాథలను ఒక్కొక్కరిని ఒక్కో దాత పేరున పోషించే పద్ధతి నడిపారు. ఇన్ని నిధులు వచ్చి వెళ్లినా ఈ సీమలో ఒక చెరువు కట్ట కింద, ఒక పల్లె బడి వెనక నిలిచిన సంస్థ దాదాపు ఏదీ లేదు. ఇచ్చినవాడికి కరువు ఒక ఉపద్రవం, ఏడాది కథ. ఇక్కడి మనిషికి అది వాతావరణం. ఉపద్రవానికి ఇచ్చే డబ్బుతో వాతావరణాన్ని ఎదుర్కోలేరు.

ఇక్కడ కాసేపు ఐరోపాకు వెళ్లాలి, ఎందుకంటే అనంతపురం కథలో రెండో సగం అక్కడ మొదలైంది. 1919లో ఎగ్లంటైన్ జెబ్ అనే ఇంగ్లండు మహిళ, నిన్నటిదాకా శత్రువులైన ఆస్ట్రియా పిల్లల ఆకలి ఫొటోలున్న కరపత్రం పంచినందుకు లండన్‌లో అరెస్టయి అయిదు పౌండ్ల జరిమానాకు గురైంది. ఆ ఏడే ఆమె సేవ్ ద చిల్డ్రన్ నిధి స్థాపించింది. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో దిక్కులేనివాళ్లయిన పిల్లల కోసం బ్రిటిష్ పత్రికా రచయిత జాన్ లాంగ్డన్ డేవీస్ ఒక పథకం మొదలుపెట్టాడు. ఒక కుటుంబం ఒక పిల్లవాడికి క్రమంగా డబ్బు పంపాలి, ఉత్తరాలు రాసుకోవాలి. ఇవాళ ప్లాన్ ఇంటర్నేషనల్ అంటున్న సంస్థకు మూలం అదే. అదే ఏడు మే నెలలో దాదాపు నాలుగు వేల మంది బాస్క్ పిల్లలు ఒకే ఓడలో ఇంగ్లండు చేరారు. ఇప్పుడు అనంతపురం పిల్లలకు డబ్బు పంపుతున్న దేశపు పిల్లలు అప్పుడు పరాయి దేశాల పిల్లల పాకెట్ మనీ మీద, పరాయి బడుల చందాల మీద బతికారు. 1938 జూన్‌లో జవహర్‌లాల్ నెహ్రూ, కృష్ణమేనన్‌తో కలిసి బాంబులు పడుతున్న బార్సిలోనాకు వెళ్లాడు. స్పెయిన్‌కు ఆహారం, మందులు పంపాలని భారతదేశంలో చందాలు పోగయ్యాయి. అదే ఏడు సోలాపూర్ డాక్టర్ కోట్నిస్‌తో సహా అయిదుగురు వైద్యులను కాంగ్రెస్ చైనాకు పంపింది. పరాయి పాలనలో, కరువుల్లో ఉన్న దేశం సముద్రాల అవతల ఆకలికి చెయ్యి అందించిందన్న సంగతి మన బడి పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

నెహ్రూ బార్సిలోనాలో ఉన్న ఆ ఎండాకాలం అదే నగరంలో పుట్టిన పద్దెనిమిదేళ్ల విసెంటే ఫెర్రర్‌ను రిపబ్లికన్ సైన్యంలోకి తీసుకున్నారు. పాలసీసా బెటాలియన్ అని పేరుపడిన పసివాళ్ల దళం అది. ఎబ్రో నది యుద్ధం చూశాడు, ఓడిపోయి ఫ్రాన్స్ సరిహద్దు దాటాడు, సముద్రపు ఒడ్డున ముళ్లకంచెల శరణార్థి శిబిరంలో ఉన్నాడు. 1944లో జెస్యూట్ అనే కేథలిక్ గురువుల సంఘంలో చేరి, 1952లో బొంబాయిలో దిగాడు. అదే ఏడు రాయలసీమ కరువులో గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఆ తరవాతి ఏళ్లలో కేర్ సంస్థ ద్వారా అమెరికా పాలపొడి, మొక్కజొన్న పిండి మన బడుల్లోకి వచ్చాయి; ఆ ఉప్మా రుచి ఆ తరంవాళ్లకు ఇప్పటికీ గుర్తు. ఇక్కడ ఒక సంగతి నన్ను ఆలోచింపజేస్తుంది. దాదాపు అవే ఏళ్లలో, నియంత ఫ్రాంకో పాలనలోని స్పెయిన్ బడుల్లో కూడా అమెరికా పాలపొడిని నీళ్లలో కలిపి పిల్లలకు తాగించారు. అక్కడా ఆ తరంవాళ్లు ఆ వాసనను మరిచిపోలేదు. ఒకే దేశపు మిగులు పాలు తాగిన రెండు చోట్లలో ఒకటి ఇరవై ముప్పై ఏళ్లలో రెండోదానికి దాత అయింది. పేదరికం ఒక జాతి లక్షణం కాదు, ఒక కాలం స్థితి అనడానికి ఇంతకన్నా తిరుగులేని సాక్ష్యం నాకు తెలియదు.

ఫెర్రర్ మొదట పనిచేసింది మహారాష్ట్రలోని మన్మాడ్‌లో. రైతు తన బావి తానే తవ్వుకుంటే గోధుమలు, నూనె ఇచ్చేవాడు. రైతులు తన వెంట నడవడంతో పలుకుబడి ఉన్నవాళ్లకు కంటగింపయ్యాడు. 1968లో దేశం విడిచి వెళ్లమన్న ఆజ్ఞ వచ్చింది. దానికి వ్యతిరేకంగా వేలాది రైతులు నడిచి వెళ్లి నిరసన తెలిపారు. ఇందిరా గాంధీ చొరవతో తిరిగి వచ్చాక ఆయన్ను రానిచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అలా 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టాడు. మరుసటి ఏడు జెస్యూట్ సంఘాన్ని వదిలి ఇంగ్లండుకు చెందిన పాత్రికేయురాలు ఆన్ పెర్రీని పెళ్లాడాడు. జనం మాత్రం చివరిదాకా ఫాదర్ అనే పిలిచారు. 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశాడు.

డబ్బు దారి ఇక్కడే మారింది. 1972లో బ్రిటన్‌లో 88 మంది దాతలు భారత్, కెన్యాల్లోని 88 మంది పిల్లలను ఎంచుకోగా పుట్టిన సంస్థే యాక్షన్ ఎయిడ్. దాని వరసలోనే 1981లో స్పెయిన్‌లో ఆయుదా ఎన్ అక్సియోన్ పుట్టింది. ఫెర్రర్ పనికి స్పెయిన్ కుటుంబాల డబ్బు క్రమంగా రావడం దానితో బలపడింది. 1996లో స్పెయిన్‌లోనే ఫెర్రర్ పేరున ఒక ఫౌండేషన్ ఏర్పడింది. అది లక్షకు పైగా దాతలను కూడగట్టింది. వీళ్లలో కోటీశ్వరులు తక్కువ, నెలకు కొద్దిపాటి యూరోలు ఇచ్చే గుమాస్తాలు, టీచర్లు ఎక్కువ. అక్కడి బడులు పరుగులు పెట్టించి, సంతలు నడిపి డబ్బు పంపుతాయి. పల్లె ఆడపిల్లలు హైస్కూలుకు వెళ్లడానికి సైకిళ్లు కావాలన్న ప్రచారం అక్కడ పెద్దయెత్తున సాగింది. కదిరి ప్రాంతపు పల్లెల్లో స్పాన్సర్‌కు ఉత్తరం రాయడం, కార్డు మీద బొమ్మ గీయడం ఒక తరం పిల్లలకు బడి పనుల్లో ఒకటి.

పాత నిధులకూ దీనికీ ఉన్న తేడా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, దాత ఒక పిల్లవాడి పేరున ఇచ్చినా ఆ డబ్బు ఆ పిల్లవాడి చేతికి పోయేది కాదు. ఊరి పద్దులో కలిసి బడి, ఇల్లు, బావి, వైద్యం అయ్యేది. స్పాన్సర్ ఉన్న పిల్లకూ లేని పిల్లకూ ఒకే బడి. పాత అనాథాశ్రమ పద్ధతి పిల్లను ఊరి నుంచి విడదీసింది, ఇది ఊళ్లోనే ఉంచింది. రెండోది ఇంకా ముఖ్యం. సంస్థ ఇక్కడే ఉంది, ఉద్యోగులు ఇక్కడివాళ్లే, ఎక్కువమంది ఆ పల్లెల్లోంచే చదివి వచ్చినవాళ్లు. ఇల్లు ఎవరికి, ముందు ఏ వాడకు అన్న మాట ఊళ్లో జనం ముందు జరగాలి. కట్టిన ఇల్లు ఆడవాళ్ల పేరున రాయాలి. సర్కారు బడి వదిలాక దళితవాడలో నడిచిన సాయంత్రపు బడులు, బత్తలపల్లి ఆసుపత్రి, వినికిడి లేని పిల్లల బడులు కరువు పోయాక మూతపడలేదు; అవి కరువు కోసం పెట్టినవి కావు కాబట్టి. 1877లో వేసిన కమిటీ కరువు తగ్గగానే ఇంటికి వెళ్లింది. 1969లో వచ్చిన సంస్థ యాభై ఏళ్లు దాటినా వెళ్లలేదు. జాలి రెండు కాలాల్లోనూ ఉంది, కాబట్టి తేడా జాలిది కాదు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, అవి తేలికగా తోసేసేవి కావు. మొదటిది ఫొటో గురించి. చీమిడి ముక్కుతో, చిరిగిన చొక్కాతో ఉన్న పిల్లవాడి బొమ్మ చూపించి డబ్బు అడగడం ఆ పిల్లవాడిని, వాడి తల్లిదండ్రులను కించపరచడమే కదా అని అడుగుతారు. నిజమే. 1984 ఇథియోపియా కరువు చిత్రాల మీద చెలరేగిన విమర్శ తరవాత 1989లో ఐరోపా స్వచ్ఛంద సంస్థలు బొమ్మల విషయంలో తమకు తామే ఒక నియమావళి రాసుకోవలసి వచ్చింది. ముక్కూమొహం తెలియని దేశంలో తన బొమ్మ ఏ గోడ మీద ఉందో పిల్లకు తెలియకపోవడం తప్పే. అయితే ఈ తప్పుకు మందు ఇవ్వడం మానేయడం కాదు, మాట్లాడే హక్కును రెండు వైపులకూ పంచడం. తనకల్లు పిల్ల రాసిన ఉత్తరంలో కరువుతోపాటు తన ఊరి జాతర, తన కబడ్డీ జట్టు, తనకు లెక్కల్లో వచ్చిన మార్కులు కూడా ఉంటే అవతలి పిల్లవాడికి ఒక మనిషి కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు డబ్బాలో లేనిది ఈ ఉత్తరమే. ఉత్తరం లేని చందాను నేనూ సమర్థించను.

రెండో అభ్యంతరం వామపక్ష మిత్రుల నుంచి వస్తుంది. బడి, ఆసుపత్రి, ఇల్లు సర్కారు బాధ్యతలు. దాతలు ఆ పని చేస్తే సర్కారు చేతులు దులుపుకుంటుంది, హక్కు అడగవలసిన జనం కృతజ్ఞతలు చెప్పడం నేర్చుకుంటారు. ఈ వాదనలో బలం ఉంది. నీళ్లు, గిట్టుబాటు ధర, పంట బీమా ఏ స్పెయిన్ బడీ ఇవ్వలేదు. అవి అడగవలసింది అమరావతినీ ఢిల్లీనీ. కానీ చరిత్ర ఈ వాదనను పూర్తిగా నిలబెట్టదు. 1877లో సర్కారు దాచాలనుకున్న చావులను బ్రిటన్ ఇళ్ల దాకా మోసుకెళ్లింది ఆ చందా విన్నపమే. ఆ రచ్చ తరవాతే 1880 కరువు కమిషన్, దాని వెంట కరువు నియమావళి వచ్చాయి. మన కాలంలో చూసినా, ఆడపిల్లలకు సైకిళ్లు పంచిన స్వచ్ఛంద పని తరవాత రాష్ట్ర ప్రభుత్వం బడికొస్తా పేరుతో అదే పని చేసింది. ఒకటి రెండోదానికి కారణమని తేల్చి చెప్పలేను గానీ, దాతృత్వం ఉన్న చోట సర్కారు తప్పుకుంటుందన్న సూత్రం మాత్రం ఇక్కడ నిలవదు. చదువుకున్న దళిత పిల్ల హక్కును ఇంకా గట్టిగా అడుగుతుంది. ఆమెను చదివించిన డబ్బు ఎక్కడిదన్నది ఆ గొంతును తగ్గించదు.

మూడోది విదేశీ డబ్బు మీది అనుమానం. డబ్బు వెనక మతమో రాజకీయమో ఉంటుందన్న భయం ఊరికే పుట్టలేదు. ఈ చరిత్ర మొదలైందే మతప్రచారపు డబ్బాలతో. 1976లో అత్యవసర పరిస్థితి నాడు విదేశీ విరాళాల చట్టం వచ్చింది, 2010లో కొత్తది వచ్చింది, 2020 సవరణతో ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలన్న నియమం, పాలనా ఖర్చులు 20 శాతం మించరాదన్న నియమం వచ్చాయి. 2025లో అనంతపురం ట్రస్టుకు విదేశీ విరాళాల అనుమతి ఆగినప్పుడు జిల్లాలో జనం రోడ్ల మీదికి వచ్చారు. లెక్క అడగడం సర్కారు హక్కు, అందులో నాకు సందేహం లేదు. నిజానికి నా వాదన మొత్తం లెక్క మీదే నిలబడి ఉంది. కానీ లెక్క అడగడం వేరు, దారి మూయడం వేరు. 1968లో మన్మాడ్ రైతులు, 2025లో అనంతపురం కూలీలు నడిచి వచ్చి నిరసన చెప్పారంటే ఆ సంస్థ వాళ్లకు పరాయిది కాదన్నమాట. డబ్బు ఏ దేశానిదని అడిగే ముందు, దాని లెక్క ఊళ్లో ఎవరికి తెలుసు అని అడగాలి. స్వదేశీ డబ్బుకైనా ఇదే పరీక్ష పెట్టాలి.

చివరి అభ్యంతరం మన ఇళ్లలోనే వినిపిస్తుంది. మన పిల్లలకే దిక్కులేనప్పుడు పరాయి దేశపు పిల్లలకు తనకల్లు బడి ఎందుకు చందా ఎత్తాలి? ఇదే ప్రశ్న 1981లో స్పెయిన్‌లో కూడా వేసి ఉండవచ్చు, అప్పుడు అక్కడా నిరుద్యోగం తీవ్రంగా ఉంది. 1938లో మద్రాసులో, బొంబాయిలో కూడా వేసి ఉండవచ్చు. ఆ ప్రశ్నకు లొంగి ఉంటే అనంతపురం పిల్లల బడి సంచి ఖాళీగా ఉండేది. పైగా ఈ సీమ ఇవ్వడం ఇప్పటికే మొదలుపెట్టింది. ట్రస్టు పని చేసిన పల్లెల్లోనే ఇంటింటా హుండీలు పెట్టారు. ఒకప్పుడు స్పాన్సర్ డబ్బుతో చదివిన కుటుంబాలే అందులో రూపాయలు వేసి అనాథ పిల్లలకు, దిక్కులేనివాళ్లకు ఇస్తున్నాయి. సముద్రం అవతల అమెరికాలో తెలుగువాళ్ల సంఘం తానా సభ్యులు అక్కడి బడుల్లో పేద పిల్లలకు పుస్తకాల సంచులు పంచుతున్నారు. నూట యాభై ఏళ్ల కిందట లండన్ నుంచి వచ్చే చందా కోసం ఎదురుచూసిన సీమల వారసులే వీళ్లలో కొందరు. ఇచ్చే అలవాటు సంపద వచ్చాక మొదలయ్యేది కాదని ఆ హుండీలు చూపిస్తున్నాయి.

అందుకే తనకల్లు మండలంలోని బడుల ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీ పిల్లలు పరాయి దేశపు పిల్లల కోసం హుండీ పెట్టాలనుకుంటే, వద్దనకండి. పాత బట్టలు, వాడిన పుస్తకాలు మూటగట్టి పంపే ఆలోచన మాత్రం మానిపించండి. అవతల ఏం కావాలో అవతలివాళ్లే చెప్పాలి. విదేశాలకు డబ్బు పంపడానికి మన దేశంలో కఠినమైన నియమాలున్నాయి కాబట్టి గుర్తింపు ఉన్న సంస్థ ద్వారానే పంపండి. ఆ సంస్థ అక్కడి ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంది, అక్కడివాళ్లు ఎంతమంది అందులో పనిచేస్తున్నారు అని అడగండి. పోగైన ప్రతి రూపాయీ బడి నల్లబల్ల మీద రాయించండి. ధాత కరువు నాటి నిధి గురించి, 1938లో స్పెయిన్‌కు మనవాళ్లు ఎత్తిన చందాల గురించి ఒక పాఠం చెప్పండి. అన్నిటికంటే ముందు మీ పిల్లల చేత అక్కడి పిల్లలకు ఒక ఉత్తరం రాయించండి. దానికి జవాబు వచ్చాకే హుండీ తెరవండి.